ప్లాన్‌లో లేని ఇల్లు

హైదరాబాద్ ఏఎస్ రావు నగర్ లోపలి వీధుల్లో నడుస్తూ ఓసారి తలెత్తి చూడండి. కింద స్టిల్టు, పైన మూడంతస్తులు ఒకే తీరున, ఒకే రంగులో ఉంటాయి. చాలా చోట్ల వాటి నెత్తిన, గోడ కాస్త లోపలికి జరిగి, వేరే రకం కిటికీలతో, రేకుల చూరుతో ఇంకో ఇల్లు కనిపిస్తుంది. లిఫ్టు అక్కడిదాకా పోదు, చివరి మెట్లు ఎక్కాల్సిందే. బ్రోకరు దాన్ని పెంట్ హౌస్ అంటాడు. మంజూరైన ప్లాన్‌లో మాత్రం ఆ చోట ఖాళీ డాబా ఉంటుంది.

ఇంగ్లండులో ఇల్లు కొనేవాళ్లకు ఇదే తలనొప్పి అటకతో వస్తుంది. వాలు పైకప్పు కింది అటకను పడకగదిగా మార్చి, అనుమతి కాగితం లేకుండానే ‘మూడు బెడ్రూముల ఇల్లు’ అని అమ్మకానికి పెడతారు. మనకు అటకంటే ఇత్తడి బిందెలు, పండక్కి దించే గంగాళం. గది కావలసి వస్తే మన చూపు డాబా మీదికి పోతుంది.

బేరం ఎలా సాగుతుందో ఈ చుట్టుపక్కల ఇల్లు వెతికినవాళ్లందరికీ తెలుసు. కింది ఫ్లాటు కంటే లక్షలు తక్కువ. డాబా అంతా మీదే, తులసికోట పెట్టుకోండి, పిల్లలు ఆడుకుంటారు అంటారు. అనుమతి సంగతి ఎత్తగానే, ‘అందరివీ ఇలాగే ఉన్నాయండీ, ఎవరొచ్చి కూలుస్తారు?’ అని నవ్వుతారు. మీరింకా తటపటాయిస్తుంటే ఓ ప్లాస్టిక్ ఫోల్డరు బయటికొస్తుంది. అందులో రిజిస్టరైన దస్తావేజు, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, బీఆర్ఎస్ దరఖాస్తు రసీదు ఉంటాయి. అన్నీ అసలువే, అన్నింటి మీదా ప్రభుత్వ ముద్రే. వీటిలో ఏ ఒక్కటీ ఆ అంతస్తుకు అనుమతి ఉందని చెప్పదు. మన వ్యవస్థ పెట్టిన ఉచ్చు ఆ ఫోల్డరే అని నా అభిప్రాయం.

పన్ను రసీదు సంగతే చూడండి. హైదరాబాద్‌కు వర్తించే 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ చట్టంలో 220-ఎ అనే సెక్షన్ ఉంది. ఇంటి చుట్టూ ఖాళీగా వదలాల్సిన సెట్‌బ్యాక్‌లో 10 శాతం లోపు మింగితే పన్ను మీద 25 శాతం, అంతకు మించితే 50 శాతం, అనుమతించిన అంతస్తుల పైన ఇంకో అంతస్తు వేస్తే నూటికి నూరు శాతం జరిమానా. అంటే పెంట్ హౌస్ యజమాని కట్టేది రెట్టింపు పన్ను. ఆ పన్ను వసూలు చేసినంత మాత్రాన కట్టడం సక్రమమైపోదనీ చట్టమే చెబుతోంది. తప్పని తెలిసి, ఏటా దాని మీద ఆదాయం తీసుకుంటూ, రేపు కూల్చే హక్కును మాత్రం అట్టే పెట్టుకోవడం! ఇంటి యజమాని ఇలాంటి పని చేస్తే అద్దెకున్నవాళ్లు ఏమంటారో ఊహించుకోవచ్చు.

రిజిస్ట్రేషన్ కథ ఇంకోలా ఉంటుంది. సబ్ రిజిస్ట్రార్ చూసేది ప్రధానంగా మనుషులు వాళ్లేనా, స్టాంపు సుంకం సరిపోయిందా అన్నదే. తెలంగాణలో సుంకాలన్నీ కలిపి ఏడున్నర శాతం చెల్లిస్తే దస్తావేజు చేతికొస్తుంది. 2020 ఆగస్టులో అనుమతి లేని ప్లాట్లు, కట్టడాల రిజిస్ట్రేషన్లు ఆపమని ఉత్తర్వులొచ్చాయి. జనం గగ్గోలు పెట్టడంతో ఆ ఏడాది చివరికల్లా, అంతకుముందే ఒకసారి రిజిస్టరైనవాటికి సడలింపు దొరికింది. ఒకసారి చేతులు మారితే చాలు, ఎన్నిసార్లయినా మారవచ్చు అన్నట్టయింది.

ఇక బీఆర్ఎస్. పార్టీ కాదు, అంతకు ముందే ఆ మూడక్షరాలు వాడుకున్న భవనాల క్రమబద్ధీకరణ పథకం. ఉమ్మడి రాష్ట్రంలో 2007 డిసెంబరు 31న జీవో 901తో ఇలాంటి పథకమే బీపీఎస్ పేరుతో వచ్చినప్పుడు, ఇది ఒక్కసారికే అన్నారు. 2015 నవంబరు 2న తెలంగాణ జీవో 152తో బీఆర్ఎస్ తెచ్చినప్పుడూ అదే మాట. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో 2015లో ఒకటి, 2019లో ఇంకొకటి. ‘ఆఖరి అవకాశం’ ఇన్నిసార్లు వస్తే, కట్టేవాడు ప్లాన్ కోసం ఆగడమెందుకు? తర్వాతి పథకం కోసం ఆగితే సరిపోతుంది. తెలంగాణ పథకంపై ఫోరం ఫర్ గుడ్ గవర్నెన్స్ ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసింది. తుది ఆమోదాలు ఇవ్వొద్దని 2016లో హైకోర్టు చెప్పడంతో దరఖాస్తులు గాలిలో ఆగాయి. ఆ గాలిలో ఆగిన కాగితమే నేడు బేరంలో భరోసాగా చెలామణీ అవుతోంది.

ఈ అంతస్తు ఎందుకు పుడుతుందో అర్థం కావాలంటే ఏఎస్ రావు నగర్ కాలనీ వయసు గుర్తుకు తెచ్చుకోవాలి. 1967లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌ను నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు పేరు పెట్టుకున్న కాలనీ ఇది. వెంట్రుకవాసి కొలత తప్పినా పరికరాన్ని పక్కన పెట్టే ఇంజినీర్లు, టెక్నీషియన్లు కట్టుకున్న ఇళ్లు. వాళ్లు రిటైరయ్యారు, చాలామంది పిల్లలు ఇక్కడ లేరు. పాత ఇల్లు డెవలప్‌మెంట్‌కు వెళుతుంది. 300 గజాల స్థలంలో మూడంతస్తులు, ఆరు ఫ్లాట్లు అనుకోండి. సగం సగం పంచుకుంటే బిల్డరుకు మూడు. స్టీలు, సిమెంటు, కూలీ, వడ్డీ అందులోంచే పోవాలి. అతనికి మిగిలే లాభం తరచుగా ఏడో ఇంట్లో ఉంటుంది. స్థల యజమానికి కూడా అందులో వాటా ముట్టజెబితే అడిగేవాడుండడు. బిల్డరును దొంగ అనేసి ఊరుకుంటే ఈ లెక్క మారదు.

మారని లెక్క ఇంకోటి ఉంది, కొనేవాడిని అసలు దెబ్బతీసేది అదే. 300 గజాలను ఆరు ఫ్లాట్లకు పంచితే ఒక్కోదానికి 50 గజాల అవిభాజ్య వాటా. ఏడో ఇంటికి నేల ఎక్కడిది? కొందరు నామమాత్రంగా పదో పదిహేనో గజాలు లాగి రాస్తారు. కొందరు ‘డాబా హక్కులతో’ అని కింది ఫ్లాటుకు తోకలా తగిలిస్తారు. కొందరు నోటరీ కాగితంతో సరిపెడతారు. కానీ 1987 నాటి అపార్టుమెంట్ల చట్టం పైకప్పును ఉమ్మడి సౌకర్యాల్లో చేర్చింది. కింది ఆరుగురి సొత్తును ఏడోవాడికి అమ్మే అధికారం ఎవరిదని ఏదో ఒక రోజు వాళ్లలో ఒకరు అడుగుతారు, సాధారణంగా నీళ్లు చాలనప్పుడో, పైనుంచి చెమ్మ దిగినప్పుడో. ముప్పై ఏళ్ల తర్వాత భవనం పడగొట్టి మళ్లీ కట్టే రోజు వస్తే వాటా నేలను బట్టే తేలుతుంది. అప్పుడు డాబా మీది యజమాని చేతిలో ఉండేది మెట్ల జ్ఞాపకమే.

మూడంతస్తులకు లెక్కగట్టిన పునాది, స్తంభాల మీద నాలుగో అంతస్తు బరువు, దాని పైన నిండు ట్యాంకు బరువు పడుతున్నాయన్న సంగతి కింద పడుకునేవాళ్లకూ సంబంధించిందే.

కూల్చడం జరగదన్న ధీమాకు కాలం చెల్లుతోంది. నోయిడాలో సూపర్‌టెక్ జంట భవనాలను 2022 ఆగస్టు 28న నేలమట్టం చేశారు. అక్కడ సుప్రీంకోర్టు పట్టించుకున్న అంశాల్లో ఒకటి, ఉన్న ఫ్లాట్ల యజమానుల సమ్మతి లేకుండా వాళ్ల ఉమ్మడి వాటాను తగ్గించడం. మీరట్ కట్టడం కేసులో 2024 డిసెంబరు 17న అదే కోర్టు ఇంకా స్పష్టంగా మాట్లాడింది. ఏళ్ల తరబడి ఉంటున్నామనీ, డబ్బు పెట్టామనీ, అధికారులు ఊరుకున్నారనీ చెబితే అక్రమ కట్టడం సక్రమం కాదంది. నిర్మాణం పూర్తయినట్టు ధ్రువపత్రం లేదా నివాసయోగ్యతా పత్రం (ఓసీ) చూశాకే బ్యాంకులు అప్పివ్వాలనీ, అవి ఉంటేనే కరెంటు, నీళ్ల కనెక్షన్లివ్వాలనీ ఆదేశించింది. పెద్ద బ్యాంకు అప్పు ఇవ్వని ఇంటిని మీరు నగదుతో, లేదా ఎక్కువ వడ్డీ సంస్థ దగ్గర అప్పుతో కొనొచ్చు. రేపు మీరు అమ్మేటప్పుడు అలాంటివాడినే వెతుక్కోవాలి. తక్కువ ధరలోని మర్మం అంతే.

ఇంగ్లండులో కనీసం కాలానికి ఒక విలువుంది. ప్లానింగ్ ఉల్లంఘనపై స్థానిక కౌన్సిల్ చర్య తీసుకోవడానికి 2024 ఏప్రిల్ 25 నుంచి పదేళ్ల గడువు పెట్టారు. కొనేవారి తరఫు సొలిసిటర్ నిర్మాణ ధ్రువపత్రం అడుగుతాడు, లేకపోతే కౌన్సిల్ చర్యల నష్టానికి బీమా తీయిస్తారు. అటక కుంగితే ఆ బీమా అక్కరకు రాదు, అది వేరే కథ. మన దగ్గర గడువూ లేదు, బీమా ఆనవాయితీ లేదు. సర్పంచుల కాలం, కాప్రా మున్సిపాలిటీ కాలం, 2007లో కలిసిన జీహెచ్ఎంసీ కాలం, అన్నీ దాటి తప్పు అలాగే నిలిచి ఉంటుంది. భారమంతా వరసలో చివర నిలబడ్డ కొనుగోలుదారుడిది.

అందుకే ప్రభుత్వాన్ని అడగాల్సింది మరో ‘ఆఖరి’ పథకం కాదు. ప్రతి ఫ్లాటు దస్తావేజులో ప్లాన్ నంబరు, మంజూరైన అంతస్తుల సంఖ్య, ఓసీ నంబరు రాయడం తప్పనిసరి చేయాలి. జరిమానా పన్ను రసీదు మీద ‘ఈ అంతస్తుకు అనుమతి లేదు’ అని పెద్దక్షరాల్లో ముద్రించాలి. పాత దరఖాస్తుల కేసును తేల్చమని కోర్టు ముందు పట్టుబట్టాలి. అవునో కాదో తెలిస్తే జనం తమ దారి తాము చూసుకుంటారు.

అంతవరకు పెంట్ హౌస్ చూడబోయేవారు పైకెక్కే ముందు ప్లాన్ కాపీ అడిగి అంతస్తులు లెక్కపెట్టండి, ఇవ్వనంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఆస్తి మీద తనఖాలేమున్నాయో చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) తీయించండి. చిన్న ఇళ్లు మినహా, 2012 నాటి జీవో 168 ప్రకారం బిల్డరు 10 శాతం నిర్మాణాన్ని మున్సిపల్ కార్పొరేషన్‌కు తనఖా పెట్టాలి, ఓసీ వచ్చాకే అది విడుదలవుతుంది. ఈసీలో విడుదల కాని తనఖా కనిపిస్తే ఓసీ రాలేదని అర్థం. ఇక బీఆర్ఎస్ రసీదు చూపి ధర పెంచేవారుంటే, ఆ స్లాబు ఎప్పుడు పోశారో అడగండి. ఆ పథకం వర్తించేది 2015 అక్టోబరు 28 లోపు కట్టినవాటికే.