పరదేశపు గురువు

పరాయి గడ్డనుండి గురువును రప్పించుకొనుట చిన్నతనమని కొందరు తలంతురు. స్వదేశమును విడిచి పరుల జట్టునకు విద్య నేర్పుట తగని పని యని మరికొందరందురు. ఈ రెండు మాటలును సరికావని జెలిమిర్ ఒబ్రదోవిచ్ అను బాస్కెట్‌బాల్ శిక్షకుని చరిత్ర తెలుపుచున్నది.

ఆయన 1960లో, నేడు సెర్బియాలో నున్న చాచక్ పట్టణమున జన్మించెను. 1991లో ఆట చాలించి, వెంటనే బెల్‌గ్రేడు నగరమందలి పార్టిజాన్ జట్టునకు శిక్షకుడయ్యెను. ఆ యేడే యుగోస్లావియాలో యుద్ధము చెలరేగెను. స్వస్థలమున ఆడవలసిన ఐరోపా పోటీలలో పెక్కింటిని ఆ జట్టు స్పెయిను దేశమున ఆడవలసివచ్చెను. అయినను 1992లో ఇస్తాంబులున జరిగిన తుదిపోటీలో, స్పెయిను దేశపు జూవెంతూత్ బదలోనా జట్టును 71-70 పాయింట్లతో ఓడించి ఐరోపా విజేత యయ్యెను.

ఒక్క పాయింటుతో చేజారిన గెలుపు ఎంతటి బాధ కలిగించునో ఆటగాండ్రకు తెలియును. బదలోనా వారు ఆ బాధను దిగమ్రింగి, 1993లో తమను ఓడించిన శిక్షకునే పిలిచి జట్టును ఆయన చేతిలో పెట్టిరి. 1994లో ఐరోపా విజేతలైరి. గురువు పుట్టిన దేశమును గాక, ఆతని విద్యను చూచినందుకు వారికి దక్కిన ఫలమిది.

పరదేశమున శిక్షకుని బ్రదుకు సుఖమైనది కాదు. భాష క్రొత్తది, ఓడినచో వెనుకవేసికొను బంధువులుండరు. అట్టిచోట ఒబ్రదోవిచ్ మాడ్రిడ్, ఏథెన్స్, ఇస్తాంబుల్ నగరముల జట్లను సైతము గెలిపించెను. మొత్తము ఐదు జట్లతో తొమ్మిదిమారులు ఐరోపా విజేత యయ్యెను.

ఆయన మాతృదేశమును మరచెనా? ఇటలీలో కొలువు చేయుచున్న కాలముననే, 1998లో, యుగోస్లావియా జాతీయ జట్టును ప్రపంచ విజేతగా నిలిపెను. 2021లో మరల పార్టిజాన్ జట్టునకే శిక్షకుడుగా వచ్చెను.

పరదేశి వచ్చినచో స్థానికులకు చోటు తగ్గునను మాటలో కొంత నిజము లేకపోలేదు. కాని ఏథెన్సులోని పనథినైకోస్ జట్టున ఆయనకు సహాయకుడుగా నుండిన గ్రీకు శిక్షకుడు దిమిత్రిస్ ఇతూదిస్, తరువాత మాస్కోకు పోయి, అచటి సి.ఎస్.కె.ఎ. జట్టును 2016లోను, 2019లోను ఐరోపా విజేతగా నిలిపెను. పరదేశి తెచ్చిన విద్య స్థానికునకు సంక్రమించి, మరియొక దేశమునకు పయనించెను.

కావున గురువు ఏ దేశమువాడని అడుగుటకంటె, ఆతనికడ మనము నేర్వదగినది ఏమని అడుగుట మేలు. ఓటమి ఎవరికైనను కలుగును. ఓడించినవానికడనైనను నేర్చుకొనగల పెద్దమనసు కొందరికే కలుగును. గెలుపు వారిని వెదకికొని వచ్చును.