బాయి చూపించేదెవరు? బాయి కథ చెప్పేదెవరు?

బొగ్గుబాయి ఇప్పుడు చూసొచ్చే జాగా అయింది. 2022లో ఆర్టీసీ 'సింగరేణి దర్శన్' పేరుతో హైదరాబాద్ నుంచి బస్సు నడిపింది. మంచిదే. స్విచ్ వేస్తే వెలిగే బల్బు వెనుక ఎవరి చెమట ఉన్నదో పట్నం తెలుసుకోవాల్సిందే. విద్యార్థులు, ఉద్యోగులు పిల్లాపాపలతో పోవాల్సిందే. బాయిని చూడొద్దని ఎవరూ అనడం లేదు. అడుగుతున్నదల్లా ఒక్కటే. అక్కడ నిలబడి మనకు కథ చెప్పేదెవరు? ఏం చెప్తారు? ఏం దాచిపెడతారు?

మూతపడ్డ గనిని చరిత్రగా నిలబెట్టడం ఎట్లాగో తెలియక కాదు. చేసి చూపించినోళ్లున్నారు. ఇంగ్లండుకు పడమట ఉన్న వేల్స్‌లో బ్లేనావన్ అనే బొగ్గు ఊరుంది. అక్కడి గని పేరు బిగ్ పిట్. మన మాటలో పెద్దబాయి. 1980లో బొగ్గు తీయడం ఆపేశారు. 1983లో అదే బాయిని జనానికి తెరిచారు. 2000లో యునెస్కో ఆ ప్రాంతాన్నంతా ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2001లో అది వేల్స్ జాతీయ మ్యూజియంలో భాగమైంది, ప్రవేశ టికెట్ ఎత్తేశారు. కార్మికుడి చరిత్రను రాజుల కిరీటాలతో సమానంగా జాతి ఆస్తి అన్నారన్నమాట.

అక్కడికి పోయినోళ్లకు తలకు హెల్మెట్, క్యాప్ ల్యాంప్, నడుముకు బ్యాటరీ కడతారు. అగ్గిపెట్టె, గడియారం, ఫోను పైన్నే పెట్టి పొమ్మంటారు. ఇది నాటకం కాదు, గ్యాస్ భయమున్న గనికి ఉన్న అసలు కట్టుబాటు. కేజ్‌లో 90 మీటర్ల లోతుకు దింపుతారు. దీపాలార్పి చీకటంటే ఏమిటో చూపిస్తారు. గుర్రాలను కట్టేసిన కొట్టాలు చూపిస్తారు. గాలి తలుపుల దగ్గర పసిపిల్లలు కూర్చొని పనిచేసిన సంగతి చెప్తారు. ఆడవాళ్లను, పదేండ్లలోపు పిల్లలను భూగర్భంలోకి దింపొద్దని అక్కడ చట్టం వచ్చింది 1842లో. అంతకు ముందు ఏం జరిగిందో దాచుకోకుండా చెప్పుకుంటున్నారు.

అన్నిటికన్నా ముఖ్యమైన ముచ్చట ఇది. ఆ బాయిని చూపించే పని గని కార్మికులకే అప్పజెప్పారు. బొగ్గు తీసిన చేతులే దారి చూపించాయి. కోటు తొడుక్కొని కాగితం చూసి పాఠం అప్పజెప్పేటోడిని పెట్టలేదు.

చావులను కూడా వాళ్లు దాచలేదు. వేల్స్‌లోని సెంఘెనిడ్ గనిలో 1913 అక్టోబర్ 14న పేలుడు జరిగి 439 మంది కార్మికులు చనిపోయారు. సరిగ్గా వందేండ్లకు, 2013లో, అదే ఊర్లో జాతీయ స్మారకం నిలబెట్టారు.

ఇప్పుడు మన దిక్కు చూద్దాం. మనకేం తక్కువ చరిత్ర లేదు. 1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు జాడ కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ పేరుతో కంపెనీ రిజిస్టరయింది. తట్టా చెమ్మస్ పట్టి టబ్బులు నింపిన తాతల కాలం నుంచి లాంగ్‌వాల్ యంత్రాల దాకా నూరేండ్లకు పైబడిన బతుకుంది. ఇదంతా చెప్పకుండా ఓపెన్‌కాస్ట్ వ్యూ పాయింట్ మీద నిలబెట్టి, కింద డంపర్లు బొమ్మల్లెక్క కనిపిస్తున్నాయి చూడండి అంటే సరిపోతుందా? ఆ బొంద పడ్డ జాగాలో ఏ ఊరుండేది, ఏ చెరువుండేది, ఆ ఊరోళ్లు ఇప్పుడెక్కడున్నారు? చెప్పాలా వద్దా?

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది కార్మికులు జలసమాధి అయ్యారు. ఈ సంగతి చెప్పకుండా గోదావరిఖనిలో ఏ బాయిని చూపించినా అది దర్శనం కాదు, కళ్లకు గంతలు కట్టడం. 2011 సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు 35 దినాలు బాయి దిగలేదు. జీతం పోయినా, ఇంట్లో పొయ్యి చల్లబడ్డా నిలబడ్డారు. ఆ సమ్మె లేని సింగరేణి చరిత్ర ఎవరి చరిత్ర?

వారసత్వ సంపద అని అందమైన మాట ఒకటి వాడుతున్నారు. వారసత్వం అనే మాటకు సింగరేణిలో ముందునుంచే ఒక అర్థముంది. తండ్రి ఊపిరితిత్తులు దుమ్ముతో నిండి పక్కకు తప్పుకుంటే కొడుక్కు దొరికే కొలువు. ఆ వారసత్వ ఉద్యోగాల నోటిఫికేషన్‌ను 2017లో హైకోర్టు కొట్టేసింది. తర్వాత మెడికల్ అన్‌ఫిట్ దారిలో కారుణ్య నియామకాలంటూ కార్మికుల పిల్లలు బోర్డుల చుట్టూ తిరిగారు. ఒకప్పుడు లక్షమందికి పైగా ఉన్న కంపెనీలో ఇప్పుడు పర్మినెంటు కార్మికులు అందులో సగం కూడా లేరు. కొడుక్కు కొలువు వారసత్వం కుదరదంటారు, టూరిస్టుకు ఫొటో వారసత్వం ఇస్తామంటారు. ఇదేం న్యాయం?

పాత బాయిని నిలబెట్టడం ఖర్చుతో కూడుకున్న పని అని కొందరంటారు. నిజమే. నీళ్లు తోడే పంపులు ఆగొద్దు, గాలి పంపే ఫ్యాను ఆగొద్దు, కప్పు కాపలా ఆగొద్దు. అందుకే గని మూసేసి, నీళ్లు నిండినాక ఆలోచిస్తే లాభం లేదు. మూసే నాడే తేల్చాలి. కోట్ల టన్నుల బొగ్గు అమ్ముకున్న కంపెనీకి ఒక్క బాయిని కాపాడే స్థోమత లేదంటే నమ్మేదెవరు?

అడిగేది నాలుగే మాటలు. మూతపడబోయే భూగర్భ గనుల్లో ఒక్కదాన్నయినా గనుల భద్రత చట్టం కింద పూర్తి రక్షణతో నిలబెట్టాలి. దాన్ని చూపించే కొలువులు రిటైరయిన కార్మికులకు, వాళ్ల పిల్లలకే ఇవ్వాలి. ప్రమాదాల్లో పోయిన ప్రతి కార్మికుడి పేరు, ఊరు, పోయిన తేదీ బాయి మొగదల రాతిమీద తెలుగులో చెక్కాలి. సమ్మెల చరిత్రకు, మునిగిన ఊర్ల చరిత్రకు అక్కడే గదులు కట్టాలి.

దర్శన్ బస్సెక్కే తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఫొటో దిగండి, తప్పులేదు. దిగేముందు గైడును ఒక్కమాట అడగండి. నువ్వు ఎన్నేండ్లు బాయి దిగినవన్నా అని. ఈ గనిలో ఎంతమంది పోయారని. జవాబు రాకపోతే తిరిగొచ్చినాక కంపెనీకి ఉత్తరం రాయండి. పదిమందీ రాయండి, కాలేజీ నుంచి రాయండి, యూనియన్ నుంచి రాయండి. జవాబు వచ్చేదాకా రాయండి.