పరిణామం నిచ్చెన కాదు

కోతి నుంచి మనిషి వస్తే ఇప్పుడున్న కోతులు ఎందుకు మనుషులు కావడం లేదు? డార్విన్ పేరెత్తితే చాలు, టీవీ చర్చలోనైనా పెళ్లి భోజనాల దగ్గరైనా ఈ ప్రశ్న వచ్చి పడుతుంది. అడిగినవాళ్లు జవాబు కోసం ఆగరు, వాదం గెలిచామనుకుని లేచిపోతారు. 2018 జనవరిలో కేంద్ర మానవ వనరుల శాఖ సహాయ మంత్రిగా ఉన్న సత్యపాల్ సింగ్ అదే ధోరణిలో మాట్లాడారు. డార్విన్ సిద్ధాంతం శాస్త్రీయంగా తప్పనీ, కోతి మనిషిగా మారడం మన పూర్వీకులెవరూ చూడలేదనీ, పాఠాలు మార్చాలనీ అన్నారు. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఆ మాటను ఖండించాయి. ఐదేళ్లు తిరిగేసరికి, 2023లో, ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి పరిణామం పాఠం పోయింది. పిల్లల మీద భారం తగ్గించడానికని చెప్పారు. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, అధ్యాపకులు సంతకాలు చేసి పాఠం ఉంచమని కోరారు. ఆ పుస్తకం చదివి, పదో తరగతి తర్వాత బయాలజీ వదిలేసే పిల్లలకు ఆ పాఠం ఇక ఎవరు చెబుతారు?

ప్రశ్నలోనే తప్పుంది. ఇంటి పెంకులు పీకే కోతి మనిషికి తాత కాదు. దాని వంశమూ మన వంశమూ విడిపోయి సుమారు 2.5 కోట్ల ఏళ్లు దాటింది. మనిషి, చింపాంజీల దారులు చీలినది 60–70 లక్షల ఏళ్ల కిందట. ఊళ్లో ఉండిపోయిన పెదతాత మనవలు, అమెరికా వెళ్లిన చినతాత మనవలుగా ఎందుకు మారడం లేదని ఎవరైనా అడుగుతారా? కోతి కూడా అన్నేళ్లూ మారుతూనే ఉంది, తన బతుకుకు తగ్గట్టు. మనిషి కావడం దాని గమ్యం కాదు, ఏనాడూ కాలేదు.

ఎవరూ చూడలేదన్నవాళ్లు తమ ఒంట్లోకే చూసుకోవచ్చు. మేక తనకు కావలసిన విటమిన్ సి తన ఒంట్లోనే తయారు చేసుకుంటుంది. ఆ పని పూర్తి చేసే జన్యువు మనిషికీ ఉంది, కానీ చెడిపోయి ఉంది. కోతుల్లోనూ అదే జన్యువు చెడిపోయింది. చింపాంజీకి 24 జతల క్రోమోజోములు, మనిషికి 23. పూర్వీకుల్లో రెండు క్రోమోజోములు కొసలు కలిసి మన రెండో క్రోమోజోము అయింది, ఆ అతుకు నేటికీ కనిపిస్తుంది.

ఇంతమంది ఇలా పొరబడడానికి ఒక బొమ్మ చాలా దోహదం చేసింది. వంగి నడిచే కోతి లాంటి జంతువు మొదలు నిటారుగా నడిచే మగమనిషి దాకా ఒకే వరస. 1965లో వచ్చిన టైమ్-లైఫ్ పుస్తకం కోసం రుడాల్ఫ్ జాలింగర్ గీసిన చిత్రం అది. దాన్ని కుదించి, నకలు తీసి, టీషర్టుల మీదా కోచింగ్ సెంటర్ల గోడల మీదా వేశారు. డార్విన్ 1859లో అచ్చువేసిన పుస్తకంలో ఉన్నది ఒకే ఒక్క పటం, కొమ్మలు చీలిపోయే పటం. అందులో పైమెట్టు లేదు, కిందిమెట్టు లేదు. ఆ పటాన్ని మన గోడల మీద ఎవరూ వేయలేదు.

దశావతారాలే అసలైన పరిణామ సిద్ధాంతమనేవాళ్లదీ ఇదే నిచ్చెన. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన సైన్స్ కాంగ్రెస్‌లో అప్పటి ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్ ఆ మాటే అన్నారు. చేప, తాబేలు, వరాహం, నరసింహుడు, ఆ తర్వాత మనిషి అంటూ వరస చూపిస్తారు. కానీ అవతారమంటే దేవుడు తన సంకల్పంతో దిగిరావడం. జీవుల్లో పుట్టుకతో వచ్చే తేడాల్లో పనికొచ్చేవి మిగలడానికీ దానికీ పోలిక లేదు. భక్తుడి నమ్మకానికి బయాలజీ ఆసరా అక్కర్లేదు. తెలుగువాళ్లకు గర్వకారణమే కావాలంటే పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణ ఉన్నారు. భారత పౌరసత్వం తీసుకున్న మహా జన్యుశాస్త్రజ్ఞుడు హాల్డేన్ దగ్గర చదువుకుని, ఏ రంగు లాంటానా పూల మీద ఏ సీతాకోకచిలుక వాలుతుందో కూర్చుని లెక్కపెట్టారు. ఆయన పేరు మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

డార్విన్ పక్షాన నిలిచామనుకునేవాళ్లూ తక్కువ పొరబడడం లేదు. గిట్టనివాణ్ని ఇంకా పరిణామం చెందలేదని తిడతారు. బలవంతుడిదే రాజ్యమని డార్విన్ చెప్పాడంటారు. ఆయన చెప్పింది సంతానం గురించి, కండబలం గురించి కాదు.

ఇది పండితుల గొడవ అనుకునేవాళ్లు పత్తి చేలోకి రావాలి. బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. నేలలో ఉండే ఒక బ్యాక్టీరియా జన్యువును మొక్కలో చేర్చారు కాబట్టి మొక్కే విషం తయారు చేస్తుంది, దాన్ని తిన్న కాయతొలుచు పురుగు చస్తుంది. 2008–09 పంటలోనే గుజరాత్‌లో ఆ విషానికి చావని గులాబీ రంగు పురుగు బయటపడింది. రెండు జన్యువులు పెట్టిన రకాన్నీ పురుగు తర్వాత దాటింది. తెలంగాణ, ఆంధ్ర చేలల్లో విచ్చుకోని గుడ్డి పూలు, లోపల తొలిచేసిన కాయలు మిగిలాయి. పురుగు మందుకు అలవాటు పడిందని అందరూ అంటారు. ఏ పురుగూ అలవాటు పడలేదు. లక్షల్లో ఎక్కడో కొన్ని పుట్టుకతోనే ఆ విషాన్ని తట్టుకునే తేడాతో ఉన్నాయి. మిగతావన్నీ చచ్చాక అవే జతకట్టాయి, చేను నిండా వాటి సంతానమే.

ఇలా జరుగుతుందని ముందే తెలుసు. అందుకే అప్పట్లో 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్ బీటీ గింజలు విడి ప్యాకెట్‌లో ఇచ్చేవారు. వాటిని చేను చుట్టూ వేస్తే మామూలు పురుగులు కొన్ని బతుకుతాయి, తట్టుకునే పురుగులతో జతకట్టి ఆ గుణాన్ని పలచన చేస్తాయి. పురుగును పెంచడానికి చేలో చోటివ్వాలంటే ఏ రైతైనా ఎందుకు ఒప్పుకుంటాడు, కారణం విప్పి చెప్పకపోతే? చాలా చోట్ల ఆ ప్యాకెట్ గట్టు మీదే పోయింది. అమెరికాలో ఆరిజోనా రైతులు నాన్ బీటీ చేలు పాటించారు, తర్వాత సంతానశక్తి లేని రెక్కల పురుగులను వదిలారు. 2018లో ఆ దేశపు పత్తి ప్రాంతాల్లో గులాబీ పురుగు లేదని ప్రభుత్వం ప్రకటించింది. అక్కడా ఇక్కడా పురుగు ఒకటే.

పరిణామం పాఠం పదో తరగతి లోపే ఉండాలి, కోతితో కాక పత్తికాయతో మొదలవ్వాలి. ఆదోనిలోనో వరంగల్లులోనో చేను పక్కనున్న బడిలో టీచరు గుప్పెడు నాన్ బీటీ గింజలు బల్ల మీద పెట్టి, బీటీ ప్యాకెట్‌తో పాటు ఇవి ఎందుకిచ్చేవారో చెప్పండని పిల్లల్ని అడగాలి. జవాబు ఇళ్లకు చేరితే వచ్చే ఖరీఫ్‌లో కొన్ని చేలలోనైనా నాన్ బీటీ గింజలకు చోటు దొరుకుతుంది.