బంతి మీ దగ్గర లేనప్పుడు



ఫుట్‌బాల్ సెలెక్షన్స్ అనగానే, బంతి దొరికితే నలుగురిని దాటి గోల్ కొట్టాలనుకుంటారు. అది పొరపాటని నా అభిప్రాయం. 90 నిమిషాల ఆటలో ఒక ఆటగాడి కాలి దగ్గర బంతి ఉండేది సుమారు రెండు మూడు నిమిషాలే. మిగతా సమయమంతా మీరేం చేస్తున్నారో కోచ్ చూస్తాడు. బంతి పోగానే వెనక్కి పరుగెత్తారా? తప్పు పాస్ ఇచ్చిన తోటివాణ్ణి కసిరారా, భుజం తట్టారా? ముందు రాత్రి త్వరగా పడుకోండి. కొత్త బూట్లు ఆ రోజే తొడగవద్దు. చెప్పింది మొదటిసారే వినండి.

పేరు రాకపోతే అంతా అయిపోయినట్టు కాదు. హ్యారీ కేన్‌ను చిన్నప్పుడు ఆర్సెనల్ అకాడమీ వదిలేసింది. 2018 ప్రపంచ కప్‌లో అతడే ఇంగ్లండ్ కెప్టెన్, 6 గోల్స్‌తో గోల్డెన్ బూట్ గెలిచాడు. అందరూ కేన్ కాలేరు, నిజమే. అయినా ఒక్క సాయంత్రం చూసి ఒక పిల్లవాడి భవిష్యత్తు ఎవరూ చెప్పలేరు.

మన సంఘంలో ఒక అబ్బాయి సెలెక్ట్ కాలేదని మూడు ఆదివారాలు మందిరానికి రాలేదు. నాన్నకు మొహం చూపించలేకపోయానని తర్వాత నాతో చెప్పి ఏడ్చాడు.

తల్లిదండ్రులారా, బిడ్డ గుమ్మం దాటి లోపలికి రాగానే "సెలెక్ట్ అయ్యావా?" అని అడగకండి. ముందు "అన్నం తిన్నావా?" అని అడగండి.