ప్రతి అడుగూ లెక్కలోకే

శ్రీనగర్ నుండి కన్యాకుమారి వరకు సాగే 44వ నంబరు జాతీయ రహదారి పొడవు సుమారు 3,745 కిలోమీటర్లు. 40 మంది పిల్లలున్న ఒక తరగతి తమ పాఠశాల ఆవరణ దాటకుండానే ఈ దూరాన్ని పూర్తి చేయగలదు. ఒక్కొక్కరు రోజుకు ఒక కిలోమీటరు నడిచినా, పరుగెత్తినా ఆ తరగతి ఖాతాలో 40 కిలోమీటర్లు జమ అవుతాయి. ఆ మేరకు గోడమీది భారతదేశ పటంలో ఎర్రగీత ముందుకు జరుగుతుంది. 94 బడిరోజులు గడిచేసరికి ఆ గీత దక్షిణ సముద్రతీరాన్ని తాకుతుంది.

ఇలాంటి పటం మీది ప్రయాణాలు కొన్ని దేశాలలో చాలాకాలంగా సాగుతున్నాయి. అమెరికాలోని ‘వాక్ ఎక్రాస్ టెక్సాస్’ కార్యక్రమంలో ఎనిమిది మంది ఒక జట్టుగా ఏర్పడి, ఎనిమిది వారాలలో 832 మైళ్లు, అంటే సుమారు 1,340 కిలోమీటర్లు నడిచి, ఆ రాష్ట్రాన్ని దాటినట్లు లెక్క కడతారు. బడిపిల్లలూ తరగతులవారీగా ఇందులో పాల్గొంటారు. స్కాట్లాండ్‌లోని స్టెర్లింగ్ నగరంలో సెయింట్ నినియన్స్ ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయిని ఎలైన్ వైలీ 2012లో ‘డైలీ మైల్’ పద్ధతిని ప్రారంభించారు. పిల్లలు రోజూ పదిహేను నిమిషాలు ఆరుబయట తమకు చేతనైన వేగంతో నడుస్తారు లేదా పరుగెత్తుతారు. ప్రత్యేక దుస్తులు అక్కరలేదు, పరికరాలు అక్కరలేదు, పోటీ లేదు. ఆ పద్ధతి నేడు అనేక దేశాల పాఠశాలలకు విస్తరించింది.

దీని అవసరం ఏమిటో లెక్కలే చెబుతున్నాయి. 5 నుండి 17 సంవత్సరాల వయసు పిల్లలకు రోజుకు సగటున కనీసం 60 నిమిషాల చురుకైన శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. అయితే 11 నుండి 17 ఏళ్ల వయసువారిలో నూటికి 81 మందికి ఆ మాత్రం శ్రమ కూడా లేదని 2016 నాటి ప్రపంచవ్యాప్త సమాచారం తేల్చింది. బాలురలో ఇది నూటికి 78 కాగా, బాలికలలో 85. ఇంటి గుమ్మం నుండి ఆటోలోనో, బస్సులోనో బడికి వెళ్లి, సాయంత్రం ట్యూషన్‌కూ, ఆపైన సెల్‌ఫోన్ తెరకూ అంకితమయ్యే మన పిల్లలు ఈ లెక్కకు వెలుపల ఉన్నారని భావించడం ఆత్మవంచనే అవుతుంది.

పరుగు పందేలు మన బడులకు కొత్త కాదు. కానీ పందెంలో ఒకరు గెలిస్తే 39 మంది ఓడిపోతారు. స్థూలకాయంతో ఆయాసపడే పిల్లవాడు, కాలు ఈడ్చి నడిచే అమ్మాయి రెండోసారి ఆ గీత దగ్గరకు రారు. పటం మీది ప్రయాణం స్వభావం వేరు. ఇక్కడ అందరి దూరమూ ఒకే ఖాతాలోకి చేరుతుంది. చక్రాల కుర్చీలో రెండు చుట్లు తిరిగిన బిడ్డ కూడా తరగతిని 200 మీటర్లు ముందుకు నడిపించినట్లే. ఆ బిడ్డ రాని రోజున గీత ఆ మేరకు వెనుకబడుతుంది. తన అడుగు కోసం తోటివారు ఎదురుచూస్తున్నారన్న ఎరుక పిల్లల మనసుకు ఎంతో బలాన్నిస్తుంది.

ఈ సందర్భంగా బనూ సలిమా తెగవారి ఉదంతం గుర్తుకు వస్తుంది. వారి ఇళ్లు మస్జిదె నబవీకి దూరంగా ఉండేవి. మస్జిద్ సమీపంలో స్థలం ఖాళీ కాగా, అక్కడికి తరలిపోవాలని వారు తలపోశారు. దైవప్రవక్త (స) వారిని ఉన్నచోటనే ఉండమన్నారు. మస్జిద్‌కు వచ్చే దారిలో వారు వేసే అడుగులు వ్రాయబడుతున్నాయని తెలియజేశారు. ఈ హదీసు ఆరాధన కోసం వేసే అడుగులకు సంబంధించినదే. అయినా మంచి సంకల్పంతో వేసిన ఏ అడుగూ వ్యర్థం కాదన్న పాఠం అందులో మన పిల్లలకు ఉంది. కొద్దిపాటిదైనా నిలకడగా చేసే ఆచరణ అల్లాహ్‌కు ఎంతో ప్రియమైనదని కూడా ఆయన (స) బోధించారు. రోజుకు ఒక్క కిలోమీటరు చొప్పున దేశమంతా దాటడం ఆ నిలకడకు కంటికి కనిపించే నిదర్శనం.

ఇప్పుడు ఆడపిల్లల మాట. పన్నెండో ఏడు రాగానే అనేక ఇళ్లలో అమ్మాయి పరుగు ఆగిపోతుంది. హయా పేరిట ఆమెను ఒక మూల కూర్చోబెట్టడం ధర్మమని కొందరు తల్లిదండ్రులు భ్రమిస్తారు. దైవప్రవక్త (స) ఒక ప్రయాణంలో సహచరులను ముందుకు సాగమని చెప్పి, హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారు. ఆ పందెంలో ఆమె గెలిచారు. కొంతకాలం తర్వాత మరోసారి జరిగిన పందెంలో ఆయన (స) గెలిచి, అది మునుపటి పందానికి బదులని సరదాగా అన్నారు. పసిబిడ్డ దాహం తీర్చేందుకు సఫా, మర్వాల మధ్య హజ్రత్ హాజిరా పడిన ఆరాటాన్ని అల్లాహ్ హజ్, ఉమ్రాలలో శాశ్వత భాగంగా చేశాడు. కాబట్టి కావలసింది నిషేధం కాదు, ఏర్పాటు. బాలికలకు వేరు సమయం, మరుగైన ఆవరణ, వదులైన దుస్తులు, పర్యవేక్షణకు ఒక ఉపాధ్యాయిని ఉంటే చాలు. వారి అడుగులు లేని తరగతి దేశాన్ని సగమే దాటుతుంది.

ఈ ప్రయాణంలో మరొక పరీక్ష కూడా ఉంది. ఎవరి దూరాన్ని వారే పుస్తకంలో నమోదు చేస్తారు. 100 మీటర్ల చుట్టు అయితే పది చుట్లు ఒక కిలోమీటరు. ఆరు తిరిగి పది అని వ్రాసినా పట్టుకునే నాథుడు ఉండడు. సరిగ్గా అక్కడే అమానత్ అంటే ఏమిటో పిల్లలకు అర్థమవుతుంది. మనుషులు చూడని లెక్కను అల్లాహ్ చూస్తున్నాడన్న స్పృహ ఉపన్యాసంతో కంటే, ఆ చిన్న గడిలో ‘ఆరు’ అని నిజాయితీగా వ్రాసిన క్షణంలో బాగా నాటుకుంటుంది. అందుకే ఎక్కువ దూరం వ్రాసినవారికి బహుమతులు ప్రకటించవద్దని ఉపాధ్యాయులకు మనవి. అబద్ధపు లెక్కకు తొలి ప్రలోభం అదే.

పటం పాఠం కూడా చెబుతుంది. బయలుదేరిన వారం తిరగకముందే జమ్మూ దారిలోని తొమ్మిది కిలోమీటర్లకు పైగా పొడవైన చెనానీ-నాష్రీ సొరంగం వస్తుంది. నాగపూర్‌కు ముందు పెంచ్ అడవిలో వన్యమృగాలు క్రింద నుండి దాటేలా రహదారిని ఎత్తుగా నిర్మించారు. నిర్మల్ దాటాక సోన్ వద్ద గోదావరి, బీచుపల్లి వద్ద కృష్ణ, కర్నూలు వద్ద తుంగభద్ర ఎదురవుతాయి. భూమిపై సంచరించి సృష్టిని పరిశీలించమన్న దివ్యఖుర్ఆన్ పిలుపును పిల్లలు ఈ విధంగా కొంతైనా రుచి చూస్తారు.

బడిలో వీలుకాకపోతే ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. ఐదుగురున్న కుటుంబం తలా రెండు కిలోమీటర్లు నడిస్తే రోజుకు పది. హైదరాబాదు నుండి కర్నూలుకు సుమారు 210 కిలోమీటర్లు, అంటే మూడు వారాల ప్రయాణం. ఫజ్ర్ నమాజు కోసం తండ్రితో మస్జిద్‌కు నడిచిన దూరం, తల్లితో అంగడికి వెళ్లిన దూరం కూడా ఇందులో కలుస్తాయి. ఒంటిపూట బడుల కాలంలో ఎండ ముదరకముందే నడక ముగించాలి. నీళ్లు దగ్గర ఉంచాలి. ఉపవాసమున్న పిల్లలను రమజానులో బలవంతం చేయరాదు. ఉబ్బసం, గుండె సమస్యలున్న పిల్లల విషయంలో ముందుగా వైద్యుని సలహా తీసుకోవాలి.

నడకలో గర్వం చూపవద్దని, మధ్యస్థంగా నడవమని హజ్రత్ లుఖ్మాన్ తన కుమారునికి ఉపదేశించారు. తోటివారిని వెనుక వదలని నడక, లెక్కలో అబద్ధం లేని నడక ఆ ఉపదేశానికి దగ్గరగా ఉంటుంది. మన కుమారులకూ, కుమార్తెలకూ అల్లాహ్ ఆరోగ్యవంతమైన దేహాన్నీ, సత్యమైన హృదయాన్నీ ప్రసాదించుగాక! వారి అడుగులను మేలు వైపు నడిపించుగాక! ఆమీన్.