నర్సీపట్నం మెడికల్ కాలేజీ: భవనం సరే, సూది పట్టడం ఎవరి మీద నేర్చుకుంటారు?

సెలైన్ పెట్టడానికి వచ్చిన కుర్ర డాక్టరు రెండుసార్లు గుచ్చినా నరం దొరకదు. పక్కనున్న నర్సమ్మ వచ్చి ఒక్కసారికే పెట్టేస్తుంది. పెద్దాసుపత్రిలో నాలుగు రోజులు ఉన్నవాళ్లకు ఇది తెలిసిన సీనే. ఆ కుర్రాడికి చదువు రాక కాదు, నీట్‌లో లక్షల మందిని దాటి వచ్చినవాడే. చెయ్యి తిరగలేదు, అంతే.

నర్సీపట్నం కాలేజీ గురించి మీరు వింటున్నదంతా వేరే గొడవ. మాకవరపాలెం మండలంలో పనులు మొదలైన ఈ కాలేజీ, 2025 సెప్టెంబరులో రాష్ట్ర కేబినెట్ పీపీపీ పద్ధతికి ఆమోదించిన పదింటిలో ఒకటి. అక్టోబరు 9న మాజీ ముఖ్యమంత్రి జగన్ అక్కడికి వెళ్లారు. స్పీకర్ అయ్యన్నపాత్రుడి నియోజకవర్గం కూడా ఇదే కాబట్టి మాటల వేడికి కొదవలేదు. ఎవరు కట్టాలి, ఎవరు నడపాలి అన్నదే చర్చ. అక్కడ చదివే పిల్లల చేతికి పని ఎలా వస్తుందన్నది ఎవరూ అడగడం లేదు.

రూల్ ప్రకారం ఏం జరగాలి?

2019 బ్యాచ్ నుంచి ఎంబీబీఎస్ సిలబస్ మారింది. విద్యార్థి ముందు చూడాలి, తర్వాత సాయం చేయాలి, ఆపైన సీనియర్ ఎదుట తానే చేయాలి. ఇంజెక్షన్, కుట్లు, మూత్రం గొట్టం వేయడం, సీపీఆర్ లాంటివి మొదట స్కిల్ ల్యాబ్‌లో బొమ్మల మీద నేర్పాలి. ఈ ల్యాబ్ ప్రతి కాలేజీలో తప్పనిసరి.

బొమ్మ మంచిదే. తప్పు చేసినా ఎవరికీ నొప్పి పుట్టదు. కానీ రబ్బరు చేతిలో నరం ఎప్పుడూ ఒకేచోట ఉంటుంది. వాంతులు, విరేచనాలతో ఒళ్లు ఎండిపోయి వచ్చిన డెబ్బై ఏళ్ల అవ్వ చేతిలో అది కనిపించదు. కనిపించినా సూది తగలగానే పక్కకు జారిపోతుంది. అక్కడ గులాబీ రంగు క్యాన్యులా పనికొస్తుందా, అంతకంటే సన్నని నీలం రంగుది తీసుకోవాలా అన్నది వార్డులోనే తెలుస్తుంది.

అందుకే మంచాల లెక్క ముఖ్యం. జాతీయ వైద్య కమిషన్ 2023 నిబంధనల ప్రకారం 50 సీట్లకు 220, 100 సీట్లకు 420, 150 సీట్లకు 605 పడకలుండాలి. వాటిలో సగటున 80 శాతం నిండాలి కూడా. మంచాలు కొనడం తేలిక, రోగులను రప్పించడమే కష్టం.

నర్సీపట్నంలో చిక్కు ఎక్కడ?

చింతపల్లి వైపు ఏజెన్సీ నుంచి కిందికి దిగే రోగులకు నర్సీపట్నం ఏరియా ఆసుపత్రే దగ్గర. కేసు బరువైతే విశాఖ కేజీహెచ్‌కు రిఫర్ చేస్తారు. 1923లో మొదలైన ఆంధ్రా మెడికల్ కాలేజీ విద్యార్థులు పని నేర్చుకునేది ఆ కేజీహెచ్‌లోనే. కొత్త కాలేజీకి నిపుణులు రాకపోతే ఈ రిఫర్ రాతలు ఆగవు. అంబులెన్స్ ఎక్కిన ప్రతి కేసూ ఇక్కడి విద్యార్థికి పోయిన పాఠమే.

కాన్పులే చూడండి. 150 మంది హౌస్ సర్జన్లు తలా పది సాధారణ కాన్పులు చేయాలనుకుంటే ఏడాదికి 1,500 కావాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఏపీలో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. మిగిలిన వాటికి పీజీలు, నర్సింగ్ విద్యార్థులు కూడా పోటీ. ఇక లాగ్ బుక్‌లో సంతకం ఒకటుంటుంది. చేసినదానికీ, పక్కన నిలబడి చూసినదానికీ అదే సంతకం పడిందంటే ఆ పుస్తకం ఉండీ లేనట్టే.

ఇంకో ఇబ్బందికరమైన మాట. డబ్బు కట్టిన రోగి పెద్ద డాక్టరే చూడాలంటాడు. విద్యార్థి చెయ్యి పడేది ఉచిత వార్డులోని గిరిజన రైతు మీద. కాలేజీ ఎవరి చేతిలో ఉన్నా, బొమ్మ మీద గురి కుదరకముందే అతని చేతిని గుచ్చడం అన్యాయం.

మీరు రోగిగా వెళ్తే, ‘మీరు విద్యార్థా? సీనియర్ ఉన్నారా?’ అని అడగొచ్చు. వద్దని కూడా చెప్పొచ్చు, అందుకని వైద్యం ఆపకూడదు. మీ పిల్లలకు ఎక్కడైనా సీటొస్తే బిల్డింగ్ ఫొటోలు పక్కనపెట్టి అక్కడి హౌస్ సర్జన్‌ను ఒక్కటి అడగండి: ‘పోయిన నెల నీ చేతులతో ఎన్ని కాన్పులు చేశావు, పక్కన ఎవరున్నారు?’