మేనల్లుడి పేరు మీద ల్యాప్‌టాప్

విద్యార్థి డిస్కౌంట్ మీద కంప్యూటర్ కొనేవాళ్లంతా విద్యార్థులు కారని అమ్మేవాడికీ తెలుసు, కొనేవాడికీ తెలుసు. తెలిసీ ఇద్దరూ ఆ ఊసెత్తరు. ఇబ్బందంతా మూడో మనిషిది. గుర్తింపు కార్డు అతనిది మరి.

ఇలా అనుకోండి. దక్షిణ అండమాన్‌లోని సిప్పీఘాట్‌లో ఓ తెలుగు కుటుంబం, శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి స్థిరపడింది. ఇందులో వింతేమీ లేదు, 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 13 శాతం. 2004 సునామీకి నేల కుంగడంతో సిప్పీఘాట్ పొలాల్లోకి వచ్చిన ఉప్పునీరు చాలాచోట్ల వెనక్కి పోలేదు. మన కుటుంబం పెద్ద వ్యవసాయం వదిలి దుకాణం పెట్టుకున్నాడు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వచ్చి ఇంటర్నెట్ బాగుపడ్డాక ఆయనకూ ల్యాప్‌టాప్ అవసరమైంది. మేనల్లుడు విశాఖలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. మామయ్య ఫోన్ చేశాడు: "అల్లుడూ, స్టూడెంట్‌కైతే తక్కువకిస్తారట కదా, నీ పేరు మీద ఒకటి కొనరా. డబ్బులు నేను పంపుతా."

దీంట్లో ఎవరికి నష్టం? కంపెనీకే అనుకుంటే కన్నీళ్లు కార్చక్కర్లేదు. విద్యార్థి రాయితీ దానం కాదు, పెట్టుబడి. కాలేజీలో ఏ యంత్రానికి చేయి అలవాటు పడుతుందో, ఉద్యోగంలో చేరాక అదే అడుగుతారని లెక్క. యాపిల్ సంగతే చూడండి. అమెరికాలో 2022 జనవరిలో ఆన్‌లైన్‌లో విద్యార్థి ధరకు కొనేవాళ్లు తమ హోదా నిరూపించుకోవాలని షరతు పెట్టి, కొద్ది రోజులకే తీసేసింది. కాస్త కారిపోయినా ఫర్వాలేదని లెక్క వేసుకుందనే అనుకోవాలి. శెట్టిగారి కొట్లో పల్లీల బస్తా మూతి తెరిచే ఉంటుంది. నాలుగు గింజలు నోట్లో వేసుకుంటే ఆయనేమీ అనడు. అలాగని సంచిలో పోసుకోమన్నట్టు కాదు.

అసలు చిక్కు మన ఇళ్లలో 'ఎవరిదో' అనే మాటకు అర్థం లేకపోవడం. యాపిల్ విద్యా ధరల నిబంధనల్లో ఒక తమాషా ఉంది. కాలేజీలో చదివే కొడుకు కోసం తండ్రి ఆ ధరకు కొనొచ్చు. తండ్రి కోసం కొడుకు కొనకూడదు. డబ్బు ఒక్క ఇంటిదే, కార్డు ఒక్కటే, వస్తువు వచ్చేదీ ఆ ఇంటికే! మనకిది విడ్డూరంగా తోస్తుంది. కానీ చూస్తే సబబే. రాయితీ ఇచ్చింది ఇంటికి కాదు, చదువుకు.

నాకు కంపెనీ కన్నా ఆ కుర్రాడి గురించే దిగులు. ఫీజు కట్టడానికి చెయ్యందించిన మేనమామ అడిగితే 'కుదరదు' అని ఏ మేనల్లుడు అనగలడు? 'ఇది నా చదువు కోసమే' అన్న గడిలో టిక్కు పెట్టేది అతను. లాభం మామయ్యది, అబద్ధం అల్లుడిది. కొన్ని చోట్ల ఒకరు ఏడాదికి ఒక్క ల్యాప్‌టాపే కొనాలనే పరిమితీ ఉంటుంది. ఆర్నెల్లకు అతనిదే పాడైతే పూర్తి ధర పెట్టాలి. అప్పుడు మామయ్యకు ఈ సంగతి గుర్తుంటుందా?

ఇదే మామయ్య తన ఐలాండర్ కార్డు ఎవరికీ ఇవ్వడు. దీవుల్లో ఉండేవాళ్లకు ఓడ టికెట్ బయటివాళ్లకన్నా చౌక. ఆ తేడా భరించేది ప్రభుత్వం, అంటే మనమంతా. విశాఖ నుంచి చుట్టం వస్తానంటే 'నా కార్డు మీద రా' అనడానికి ఆయనకు నోరు రాదు. ప్రజల సొమ్మన్న భక్తి కొంత ఉండొచ్చు. కార్డు మీద ఫొటో ఉండటం ఎక్కువ పని చేస్తుందని నా అనుమానం. వెనకటికి మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2007లో హోమ్ అండ్ స్టూడెంట్ రకం వచ్చింది. వాణిజ్యానికి వాడరాదని తెర పైభాగంలోనే రాసి ఉండేది. దాని కిందే దర్జాగా బిల్లులు కొట్టిన దుకాణాలు తక్కువేమీ కాదు. రాత కనబడినా అడిగే మనిషి లేడుగా.

మామయ్య కూతురు పదకొండో తరగతిలో ఉందనుకోండి, మాట కాస్త మారుతుంది. కాలేజీ వాళ్లకిచ్చే రాయితీ బడిపిల్లకు రాకపోవడం అన్యాయంగానే కనిపిస్తుంది. అన్నయ్య వరసైనవాడి పేరుతో ఆమెకు కొంటే నేను పెద్దగా తప్పుపట్టలేను, కానీ టిక్కు పెట్టింది అప్పుడూ అబద్ధమే. ముందు అమ్మేవాణ్ని నేరుగా అడిగి చూడొచ్చు. పన్నెండో తరగతి దాకా లిబ్రె ఆఫీస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నడిచే మామూలు యంత్రం సరిపోతుంది.

దుకాణానికే అయితే మామయ్య ఇంకో లెక్క కూడా వేసుకోవాలి. ల్యాప్‌టాప్ మీద జీఎస్టీ 18 శాతం. కాంపొజిషన్ స్కీములో కాకుండా మామూలు రిజిస్ట్రేషన్ ఉండి, బిల్లు తన నంబరు మీద తీసుకుంటే, వ్యాపారానికి వాడే యంత్రం మీద కట్టిన పన్నును తాను కట్టాల్సిన పన్నులో సర్దుకోవచ్చు. బిల్లు మేనల్లుడి పేరున వస్తే ఆ వీలు లేదు. విద్యార్థి రాయితీ దానికి సమానంగా ఉంటుందేమో, ఆర్డరు పెట్టే ముందు ఒకసారి కాగితం మీద కూడి చూసుకోమనండి.